నీళ్ల ట్యాంకు వెనక నిలిపిన లారీ

ఇల్లు, వీధి వరండా
మార్చి 3

అమ్మాయికి,

ముందు ఒక దిద్దుబాటు. “లారీ నీ గుమ్మానికి అడ్డంగా పడి ఉంది కదా అమ్మమ్మా, అమ్మేద్దాం” అని రాశావు. అడ్డంగా లేదు, నిలువుగా ఉంది. మూతి మన ప్రహరీ గోడకి ఆనించి, వీపు వీధికి చూపిస్తూ, తరగతిలో మూలన నిలబెట్టిన మొండి పిల్లవాడిలా ఉంది. రెండో దిద్దుబాటు: దాని వయసు పదిహేను కాదు, పదిహేడు. నువ్వు సెకండ్ హ్యాండులో కొనేనాటికే దానికి పన్నెండు నిండాయి. వయసు తగ్గించి చెప్పుకోవడం మనుషుల జబ్బనుకున్నాను, డీజిల్ బండ్లకీ అంటిందన్నమాట.

మీ ఆనకట్ట పని క్యాంపులో ఫోను పలకాలంటే కొండెక్కాలట కాబట్టి ఉత్తరమే మేలు. పైగా ఉత్తరంలో “ఊఁ, ఊఁ” అని తప్పించుకోవడానికి వీలుండదు. అందుకని సూటిగా అడుగుతున్నాను. ఐదేళ్లు ఆ బండి మీద బతికావు. ఇళ్లు మారేవాళ్ల మంచాలు మోశావు, సిమెంటు మోశావు, ఒకసారి ఎవరిదో పియానో మోసి వారం రోజులు దాని గురించే మాట్లాడావు. నాలుగు నెలలు కంపెనీ టిప్పరు నడిపి వస్తానని జనవరిలో వెళుతూ తాళం నా చేతిలో పెట్టి, “ప్రతి ఆదివారం పది నిమిషాలు ఇంజిన్ వెయ్యి, నా మీద ఒట్టు” అన్నావు. ఒట్టేసిన నేను ఒక్క ఆదివారం తప్పలేదు. వేయించుకున్నదానివి నువ్వు, మూడో నెల రాకుండానే “అమ్మెయ్” అంటున్నావు. ఏమైంది?

అమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. వరండాలోకి కాస్త గాలి వస్తుంది. నిన్ననే ఒక బేరగాడు వాసన పట్టి వచ్చాడు. “కొనేవాళ్లు వచ్చే అరగంట ముందు ఇంజిన్ వేసి వేడి చేసి ఉంచండి మామ్మగారూ. చల్లటిది పొగ కక్కుతుంది, వేడిదైతే చిటికెలో అందుకుంటుంది” అని ఉపదేశం చేశాడు. “ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను నాయనా, పరీక్షకి ముందు ప్రశ్నలు చెప్పే అలవాటు లేదు” అని సాగనంపాను.

నా ప్రశ్నకి జవాబు రాయి. ఒక మాటలో కాదు.

అమ్మమ్మ


క్యాంపు, మూడో వరస గదులు
మార్చి 14

అమ్మమ్మా,

ఏమీ కాలేదు. ఇక్కడి బండ్లు కొత్తవి, స్టీరింగు ఒక వేలితో తిరుగుతుంది. ఇవి చూశాక మన ముసలిదాంతో కుస్తీ ఎందుకనిపించింది, అంతే.

బేరగాణ్ణి తరిమి మంచి పని చేశావు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్నే చూపించు. తెలిసినవాళ్లు వస్తే ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూస్తారు, వెచ్చగా తగిలితే చెప్పులేసుకుంటారు. స్టార్టు చేశాక ఆయిల్ పోసే మూత విప్పి, బిగించకుండా ఊరికే ఆ కన్నం మీద పెట్టమను. మూత ఎగిరి పడితే లోపల రింగులు పూర్తిగా అరిగిపోయాయని లెక్క. మనది ఎగరదు, కానీ గజగజలాడుతుంది. దాచకు. చెప్పెయ్.

సీటు కింద అట్ట పుస్తకం ఉంది. ఏ రోజు ఏం చెడింది, ఏం బాగుచేశాను, అంతా రాసి పెట్టాను. కొనేవాళ్లకి అది ఇవ్వు. నువ్వు చదవకు. అన్నీ ఆయిలు గొడవలే, నీకు విసుగు.

మోకాలు ఎలా ఉంది? ఇంకేం రాయను, స్టోరు మూసేస్తారు.

నీ మనవరాలు


ఇల్లు, వీధి వరండా
మార్చి 29

అమ్మాయికి,

మోకాలు మోకాలిలాగే ఉంది. కర్ర తోడుగా ఉంది.

ఇటుకల బట్టీ నుంచి ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, సన్నగా పొడుగ్గా నిటారుగా ఉంటాడు, చొక్కా జేబులో నాలుగు కలాలు. గుమాస్తా అనుకున్నాను. కాదట, రెండు లారీలకి ఓనరు, అందులో ఒకదానికి డ్రైవరు కూడా. పొద్దున ఆరింటికి వచ్చి, నన్ను పలకరించకముందే బానెట్ మీద చెయ్యి వేశాడు, నుదురు చూసే డాక్టరులాగా. చల్లగా ఉండేసరికి నా వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. మర్యాద ఆ వరసలో వచ్చింది.

స్టార్టు చేస్తే మన ముసలిది రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. తెల్లటి పొగ పైకి లేచి ఎదురింటివాళ్ల ఆరేసిన దుప్పటి మీద వాలింది. మూత పెట్టాడు. నువ్వు చెప్పినట్టే గజగజలాడింది, పడలేదు. “ఇంకో రెండేళ్లు లాగుతుందండీ, దగ్గర బాడుగలకైతే” అన్నాడు.

పుస్తకం ఇచ్చాను. నిలబడి చదవడం మొదలుపెట్టినవాడు కాసేపటికి మన మెట్ల మీద కూర్చున్నాడు. “‘మూడో గేరులో పిల్లి మూలిగినట్టు శబ్దం. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే. కారణం...’ అబ్బ! నేను ఇరవై ఎనిమిదేళ్లుగా నడుపుతున్నానండీ, పిల్లి మూలుగుకి కారణం రాసుకున్న డ్రైవర్ని చూడలేదు.” ఫలితం కింద కారణం రాయని పిల్లలకి నా తరగతిలో మార్కులుండేవి కావు. అది నీకు మూడో తరగతిలో నేను నేర్పిందే. ఆ మాట ఆయనతో అనలేదు.

“ఎవరండీ ఈ డ్రైవరు?” అని అడిగాడు. తగిన సమాధానం చెప్పాను.

పుస్తకం చదివి ఇస్తానని ఇంటికి పట్టుకెళ్లాడు. ఖాయం చెప్పడానికి మళ్లీ వస్తాడు.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం రాసిన కాగితం వెనక “గ్రీజు డబ్బాలు 6, చేతి తొడుగులు 20 జతలు” అని అచ్చు గళ్లలో ఉంది. సంతకం నీది. టిప్పరు నడిపే మనిషికి స్టోరు చిట్టీల కట్ట ఎందుకు? స్టోరు ఎప్పుడు మూస్తారో నీకెందుకు? కొత్త కళ్లజోడు పెట్టుకుని నెల కూడా కాలేదు, అన్నీ కనబడుతున్నాయి.

అమ్మమ్మ


క్యాంపు, స్టోరు గది
ఏప్రిల్ 8

అమ్మమ్మా,

నీకు అబద్ధం చెప్పడం కన్నా కొండెక్కడం తేలిక.

నేను బండి నడపడం లేదు. ఫిబ్రవరి నుంచి స్టోరులో ఉన్నాను. నేనే అడిగి వచ్చాను.

ఇక్కడ మట్టి తోలే చోట ఒక పెద్దాయన ఉన్నాడు. వెనక నిలబడి ఎర్ర జెండా, పచ్చ జెండా చూపిస్తాడు. అందరం జెండా బాబాయ్ అంటాం. నన్ను మాత్రం “ఏమ్మా, పైలట్టూ” అనేవాడు. పచ్చ ఊపితేనే రివర్సు చెయ్యాలి. ఆ రోజు అప్పటికే పదకొండో ట్రిప్పు. పచ్చ చూడకుండానే వెనక్కి కదిలించాను. ఆయన చక్రం కింద పెట్టిన రాయి తీయడానికి వంగి ఉన్నాడు. అద్దం నిండా బురద. నాకు కనబడలేదు అని రాయబోయాను. కాదు. నేను చూడలేదు.

మన బండికి ప్రతి ట్రిప్పుకీ అద్దాలు తుడిచేదాన్ని, నీకు తెలుసు. ఇక్కడ తుడవలేదు. కంపెనీది కదా, కంపెనీ తుడుచుకుంటుంది అనుకున్నాను.

కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు.

ఇంకా ఉంది. విచారణకి ఇంజినీరు వచ్చాడు. నన్ను అడగకముందే బాబాయ్ ఆసుపత్రి మంచం మీద నుంచి, “నేనే పచ్చ ఊపాను సార్, ఊపి మరిచిపోయి వంగాను” అన్నాడు. ఇంజినీరు నా వైపు చూసి “అంతేనా?” అన్నాడు.

నేను తల ఊపాను అమ్మమ్మా.

తప్పు ఆయనదని కాగితం మీద ఎక్కింది. ఇక ఆయన చేతికి జెండా ఇవ్వరు. ఆ రోజు తర్వాత నేను ఒక్కసారి కూడా ఆసుపత్రికి వెళ్లలేదు. స్టీరింగు ముందు కూర్చుంటే చేతులు చెమట పట్టి జారిపోతున్నాయి.

ఇటుకలాయన మంచివాడిలా ఉన్నాడు. ఇచ్చెయ్. ఇంక నేను ఏ బండీ ఎక్కను.

నీ మనవరాలు


ఇల్లు, లోపలి గది
ఏప్రిల్ 20

అమ్మలూ,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. మూడుసార్లు జవాబు రాశాను. మూడూ బాగానే ఉన్నాయి, మంచి నీతులు, సరైన వాక్యాలు. మూడూ చింపేశాను. నీకు నీతులు చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. వరండాలో కూర్చుని రాయడానికి మొహం చెల్లక లోపల కూర్చున్నాను.

ఇటుకలాయన మళ్లీ వచ్చిన ఆదివారం మన వరండాలో మా గ్రంథాలయం కమిటీ కూర్చుని ఉంది. జడ్జిగారూ, ఇంకో ఇద్దరూ. ఆయన నేరుగా మెట్లెక్కి, “మామ్మగారూ, బండి తీసుకుంటాను. కానీ ఇంకో బేరం. ఈ పుస్తకం రాసినాయన్ని కూడా నాకు ఇప్పించండి. పనిలో పెట్టుకుంటాను” అన్నాడు.

“ఆయన ఊరు మారిపోయాడు” అన్నాను.

“ఏ ఊరండీ?”

“దూరం.”

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, “ఎవరు, మీ మేడ గదిలో అద్దెకుండే లారీ అతనేనా? పెళ్లయిందన్నట్టు గుర్తు” అన్నారు.

“అయింది” అన్నాను.

ఒక్క నిమిషంలో లేని మనిషికి పెళ్లి చేశాను. ఇంకాస్త ఆగితే పిల్లలు కూడా పుట్టేవాళ్లు.

అర్థమైంది కదా. లారీ ఎవరిదని అడిగినవాళ్లందరికీ ఐదేళ్లుగా నేను చెబుతున్నది అదే. మేడ గదిలో అద్దెకున్నవాళ్లది. నువ్వేం చేస్తున్నావని అడిగితే “రవాణా వ్యవహారాలు” అనేదాన్ని. వాళ్లు ఏదో ఆఫీసు అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను. మొదటిసారి ఇటుకలాయన అడిగినప్పుడు ఇచ్చానన్న “తగిన సమాధానం” కూడా ఇదే.

ఆయన ఊరుకోలేదు. పాపం, మర్మం లేని మనిషి. “మరి ఈ అమ్మమ్మ ఎవరండీ? పుస్తకంలో మాటిమాటికీ వస్తుంది” అని పేజీ తెరిచి అందరికీ వినబడేలా చదివాడు.

“‘పొద్దున స్టార్టు కాలేదు. ఇంజిన్‌కి డీజిల్ ఎక్కించే చేతి పంపు నలభైసార్లు కొడితే అందుకుంది. కారణం: రాత్రి వాలులో నిలపడం వల్ల డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారింది. వాలుకి కారణం: నీళ్ల ట్యాంకు వెనక చదును లేదు. నీళ్ల ట్యాంకుకి కారణం: అమ్మమ్మకి గ్రంథాలయం వాళ్లు వచ్చారు.’” పేజీలు తిప్పాడు. “ఇదిగో మళ్లీ. ‘పంపు నలభై. కారణం: గ్రంథాలయం.’ ఇదిగో. ‘కారణం: గ్రంథాలయం.’ ఆ గ్రంథాలయానికి డీజిల్ అంటే పడదా ఏమిటండీ?”

దొంగకి తేలు కుడితే ఎలా ఉంటుందో పిల్లలకి ఎన్నోసార్లు వివరించి చెప్పాను. తెలిసి చెప్పలేదని ఆ రోజు తెలిసింది.

తర్వాత లెక్కపెట్టాను. ఇరవై మూడుసార్లు. బండి తీయమని నేను నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు. “సాయంత్రం వాళ్లొస్తున్నారే” అనేదాన్ని, అంతే. నువ్వు తాళం తీసుకుని “డీజిల్ కొట్టించుకొస్తా” అని వెళ్లేదానివి. వాళ్లు వెళ్లాక నడిచి వచ్చేదానివి. డీజిల్ కొట్టించడానికి లారీలో వెళ్లిన మనిషి కాలినడకన ఎందుకొచ్చిందని నేను అడగలేదు. అన్నం వడ్డించాను.

అప్పుడు చెప్పాను. “ఆ అమ్మమ్మని నేను. రాసింది మా మనవరాలు. లారీ దానిది, డ్రైవరూ అదే. అద్దెకెవరూ లేరు” అన్నాను.

జడ్జిగారు టీ కప్పు కింద పెట్టి, “మరి ఆ పెళ్లి?” అన్నారు.

“అదీ రద్దు” అన్నాను.

ధైర్యంగా ఒప్పుకున్నానని అనుకోకు. పుస్తకం గొంతు పట్టుకుంటే ఒప్పుకున్నాను. ఎవరూ చదవకపోయి ఉంటే ఆ లేని కుర్రవాడితోనే బండి అమ్మించి, గాలి బాగా వస్తోందని నీకు రాసేదాన్ని.

ఇటుకలాయన పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. “ఓనరు మీ మనవరాలైతే ఆవిడే చెప్పాలండీ. మే నెలాఖరు దాకా ఆగుతాను” అని వెళ్లిపోయాడు. కమిటీ టీ సగం తాగి వెళ్లిపోయింది.

నువ్వు రెండు నెలలుగా ఒక మనిషి దగ్గరికి వెళ్లలేకపోయానని రాశావు. నేను ఐదేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి నీ దగ్గరికి రాలేకపోయాను.

అమ్మమ్మ


క్యాంపు, స్టోరు గది
మే 1

అమ్మమ్మా,

నాకు తెలుసు.

మొదటిసారి ట్యాంకు వెనక పెట్టినప్పుడే తెలుసు. కోపం రాలేదని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. బాగా వచ్చేది. అదంతా పంపు మీద చూపించేదాన్ని. నిజానికి నలభై అక్కర్లేదు, పాతిక చాలు. మిగతా పదిహేను నీవి.

కానీ నాకు ఇంకోటి కూడా అనిపించేది. నువ్వు సిగ్గుపడుతున్నావంటే నా పనిలో సిగ్గుపడాల్సింది ఏదో ఉండే ఉంటుంది, నువ్వు ఊరికే పడవు కదా అని. అందుకే పుస్తకం అంత శ్రద్ధగా రాసేదాన్ని. ఎప్పుడైనా నీకు చూపించాలని. చూపించలేదు. “చదవకు” అని కూడా రాశాను. చదివితే నీకు బాధని.

జెండా బాబాయ్ వారం క్రితం క్యాంపుకి తిరిగొచ్చాడు. రెండు ఊతకర్రలు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి లారీలకి టోకెన్లు ఇప్పిస్తున్నారు. నేను గేటు వైపు వెళ్లడం మానేశాను, క్యాంటీను వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. మధ్యాహ్నం ఆయన భోజనానికి స్టోరు గోడ పక్క నుంచి వెళ్తాడు. లోపల నుంచి వింటాను. టక్కు, టక్కు, మధ్యలో జర్రున ఒక జారుడు. కర్ర అడుగు అరిగినట్టుంది, గచ్చు ఎప్పుడూ తడి. ఆ జారుడు వినబడ్డప్పుడల్లా చేతిలో ఉన్నది కింద పెట్టేసి ఆగుతాను. మళ్లీ టక్కు వినబడేదాకా.

తలుపు మాత్రం తీయను.

ఇరవయ్యో తేదీతో నా నాలుగు నెలలు అయిపోతాయి. బండి ఇచ్చెయ్ అమ్మమ్మా. నాకు రివర్సు గేరంటేనే భయం. మన ఇంటి ముందు నుంచి వీధిలోకి తీయాలన్నా రివర్సే కదా.

నీ మనవరాలు


ఇల్లు, వీధి వరండా
మే 9

డ్రైవరుకి,

ఈ పిలుపు నేను నీకు రాయడం ఇదే మొదటిసారి. చదివేటప్పుడు నవ్వొస్తే నవ్వుకో.

మిగతా పదిహేను పంపుదెబ్బలు ముట్టాయి.

ఒక మాట మాత్రం ఒప్పుకోను. నేను ఊరికే సిగ్గుపడనని రాశావు. ఊరికే పడ్డాను. చదువుకున్నవాళ్లు ఊరికే సిగ్గుపడినంతగా ఎవరూ పడరు. అందులో నీ పని తప్పు ఇసుమంత లేదు. నీ తప్పు ఒకటే ఉంది, అది ఆ టిప్పరు అద్దం మీద ఉంది. రెంటినీ కలపకు.

బండి గురించి. ఉంచాలా, అమ్మాలా అని మూడు నెలలుగా రాసుకుంటున్నాం. తీరా చూస్తే నేను నా మొహం దాచుకోవడానికి అమ్మబోయాను, నువ్వు నీ మొహం దాచుకోవడానికి అమ్మబోతున్నావు. ఇందులో లారీ ఏం చేసింది? అమ్మితే దాని కారణాల మీదే అమ్ముదాం. రింగులు అరిగాయి, రెండేళ్లు లాగుతుంది, దగ్గర బాడుగలకే పనికొస్తుంది. ఇవీ కారణాలు. వచ్చాక నువ్వు కూర్చో, స్టార్టు చెయ్యి, వీధిలోకి తియ్యి. రివర్సులోనే. వెనక నేను నిలబడతాను, నడివీధిలో, కర్రతో సహా. ఆదివారం సాయంత్రం ఐదింటికి. కమిటీ వచ్చే వేళ అదే. జడ్జిగారు నడిచి వస్తూ ఉంటారు, ఆయన్ని కూడా పక్కకి జరగమని నేనే చెబుతాను. నేను చెయ్యి ఊపేదాకా కదిలించకు. తీయగలిగితే ఉంచుదాం. తీయలేకపోతే దిగిపో, తప్పేం లేదు, ఇటుకలాయనకి నేనే కబురు చేస్తాను, అప్పుడు అది సరైన అమ్మకం.

కానీ దానికన్నా ముందు ఒకటుంది, దాన్ని నేను నీ బదులు చేయలేను. ఆ ఇంజినీరు “అంతేనా?” అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. బస్సెక్కే ముందు వెళ్లి “కాదు” అని చెప్పు. పచ్చ ఊపలేదని, అద్దం తుడవలేదని చెప్పు. ఏం చేస్తారో నాకు తెలియదు. నీ లైసెన్సు మీద రాస్తారేమో. రాయనీ. నీకు పడాల్సిన గీత ఇంకొకరి పేరు మీద ఉంది. ఆయనకి మళ్లీ జెండా ఇస్తారో లేదో గానీ, అది పోయింది ఆయన తప్పు వల్ల కాదని అయినా తెలుస్తుంది. నిన్ను కాపాడిన మనిషి మీద నాకు గౌరవమే, కానీ ఆ అబద్ధం మోయడానికి ఆయనకి ఇప్పుడున్నవి ఒకటిన్నర కాళ్లు.

తర్వాత ఆయన దగ్గరికి వెళ్లు. ఏం మాట్లాడాలో నన్ను అడక్కు, నేను ఇరవై మూడుసార్లు ఏమీ మాట్లాడలేదు. చేతికో పని ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, కాబట్టి పని చెబుతున్నాను, సరిగ్గా విను.

ఊతకర్ర అడుగున రబ్బరు బిళ్ల ఉంటుంది. జారేది కర్ర కాదు, అది అరిగి జారుతుంది. నా కర్రకి ఏటా రెండు మారుస్తాను. కొలత తీసుకోకుండా కొనకు, వదులైతే ఊడిపోతుంది, బిగువైతే ఎక్కదు. ఆయన్ని కూర్చోబెట్టి, పాత బిళ్ల లాగేసి, కర్ర చివర చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట ముడి వెయ్యి. రెండు కర్రలకీ వేరు వేరుగా తియ్యి, ఒకేలా ఉన్నాయనుకోకు. ఆ దారాలు పట్టుకుని మీ దగ్గరి ఊళ్లో ఆసుపత్రి పక్కన మందుల దుకాణానికి వెళ్లు. కింది భాగం వెడల్పుగా ఉండి గాట్లు ఉన్నవి అడుగు, లోపల ఇనప రేకు ఉండాలి, లేకపోతే కర్ర రబ్బరుని చీల్చుకుని కిందికి దిగుతుంది. నల్లవి వద్దు, గచ్చు మీద గీతలు పడితే ఊడ్చేవాళ్లు ఆయన్నే తిడతారు. బూడిద రంగువి తీసుకో. నాలుగు తీసుకో, రెండు వేసి రెండు ఆయన జేబులో పెట్టు. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాస్తే సులువుగా ఎక్కుతుంది. ఆరేదాకా నడవొద్దని చెప్పు.

అమ్మమ్మ